పదో తరగతి దాటాక మొదటి వంద రోజులు: విశాఖలో ఇంట్లోవాళ్లు, కాలేజీవాళ్లు చెయ్యాల్సిన పనులు, వరసగా

ఏటా జూలై రెండో వారం దాటేసరికి నా ఫోను మోగడం మొదలవుతుంది. "సార్, మావోడికి టెన్త్‌లో 560 వచ్చాయి. ఇప్పుడు పుస్తకం ముట్టుకోడం నేదు. ఏటైందో ఏటో" అని గాజువాక నుంచో పెందుర్తి నుంచో ఒక తల్లి. మరునాడు ఇంకో తండ్రి, కాస్త కోపంగా: "అంత ఫీజు కట్టాం, కాలేజీవాళ్లు ఏం చేస్తున్నట్టు?"

ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు ఈ గట్టు దాటారు. పెద్దవాడి విషయంలో నేనే తప్పులు చేశాను. ఫోనులో అందరికీ విడివిడిగా చెప్పే మాటల్ని ఇక్కడ వరసలో పెడుతున్నాను.

ముందు ఒక్క మాట. బడిలో ఉన్నన్నాళ్లూ హెడ్మాస్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర ఆయా దాకా మీ పిల్లని పేరు పెట్టి పిలిచారు. కాలేజీలో చేరిన రోజు నుంచి ఆమె ఒక రోల్ నంబరు. సిలబస్ పెరగడం కంటే ఈ మార్పే పిల్లల్ని ఎక్కువగా కుంగదీస్తుందని నా అనుభవం. అందుకే కింద చెప్పే పనులన్నిటికీ గురి ఒకటే. దసరా సెలవుల లోపు కాలేజీలో కనీసం ఒక లెక్చరర్‌కి మీ బిడ్డ పేరు, ఊరు, ఏ సబ్జెక్టులో తడబడుతోందో తెలిసుండాలి.

1. కోర్సు తేల్చేముందు రెండుసార్లు కూర్చోండి

మొదటిసారి పిల్లలు మాట్లాడాలి, మీరు రాసుకోవాలి. మధ్యలో సలహా ఇవ్వకండి. "ఏ సబ్జెక్టు పుస్తకం చెప్పకుండానే తీస్తావు? ఏది చూస్తే నిద్రొస్తుంది?" ఈ రెండు ప్రశ్నలు చాలు. పెద్దయ్యాక ఏమవుతావని పదిహేనేళ్ల పిల్లల్ని అడిగితే మీకు నచ్చే జవాబే చెబుతారు.

రెండోసారి కూర్చున్నప్పుడు దారులన్నీ ఒకే కాగితం మీద రాయండి. ఇంటర్‌లో ఎంపీసీ (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ), బైపీసీ (లెక్కలకు బదులు బయాలజీ), ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్), సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) ఉన్నాయి. లెక్కలూ బయాలజీ రెండూ వదులుకోలేని పిల్లల కోసం 2025-26 నుంచి ఎంబైపీసీ కూడా వచ్చింది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా. అది అయ్యాక ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. పదో తరగతి మార్కుల మీద సీటిచ్చే ట్రిపుల్ ఐటీల్లో మనకు దగ్గరిది శ్రీకాకుళం. ఐటీఐలో వెల్డర్‌కి ఏడాది, ఫిట్టర్‌కీ ఎలక్ట్రీషియన్‌కీ రెండేళ్లు.

ఐటీఐ అనగానే మొహం చిట్లించే తండ్రులకు ఒక మాట. నౌకాదళ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలు తీసుకునేది ఐటీఐ పాసైన పిల్లల్నే. షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు, ఫార్మా కంపెనీలు ఉన్న ఊళ్లో ఉంటూ చేతిపనిని తక్కువ చేసి మాట్లాడితే ఎలా?

నిర్ణయానికి ముందు ఈ మూడూ చెయ్యండి:

☐ పక్కింట్లో ఎవరిదైనా ఫస్టియర్ పుస్తకాల సెట్టు వారం రోజులకు అడిగి తెచ్చి, పిల్లల్ని తిరగెయ్యమనండి. అర్థం కాకపోయినా పరవాలేదు, చదవబుద్ధి వేస్తోందో లేదో తెలుస్తుంది.
☐ కంచరపాలెం పాలిటెక్నిక్ వైపు వెళ్లి, అనుమతి ఇస్తే వర్క్‌షాపు చూపించండి.
☐ అదే కోర్సులో ఇప్పుడు సెకండియర్ చదువుతున్న పిల్లలతో మీరు లేకుండా అరగంట మాట్లాడనివ్వండి.

ఎక్కువగా జరిగే తప్పు: బావమరిది కొడుకు ఎంపీసీ తీసుకున్నాడని మనవాడూ ఎంపీసీ. "ఈ కోర్సు ఎందుకు?" అని పిల్లాణ్ణి అడగండి. జవాబులో ఎవరో ఒకరి పేరు తప్ప సబ్జెక్టు పేరు రాకపోతే మూడోసారి కూర్చోవాల్సిందే.

2. కాగితాల సంచి

ఫలితాలకు ముందే మొదలుపెట్టండి. ఫలితాలొచ్చాక సచివాలయంలో రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

☐ పదో తరగతి మార్కుల మెమో (ముందు ఆన్‌లైన్ ప్రింటు, తర్వాత బడి నుంచి అసలుది)
☐ టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్
☐ నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు. రెండు బళ్లు మారి ఉంటే రెండింటి నుంచీ
☐ కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, వర్తిస్తే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గాల సర్టిఫికెట్), సదరం (వైకల్య ధ్రువీకరణ)
☐ పిల్లల ఆధార్, తల్లి ఆధార్, అపార్ నంబరు (విద్యార్థికి దేశమంతటా ఒకే గుర్తింపు సంఖ్య)
☐ తల్లి బ్యాంకు ఖాతాకు ఆధార్, ఎన్‌పీసీఐ లింకు (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటానికి)
☐ పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు పది

మెమోలో ఉన్న పేరుకీ ఆధార్‌లో ఉన్న పేరుకీ ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండటం మన దగ్గర మామూలే. అది స్కాలర్‌షిప్ దగ్గర ఆగిపోతుంది.

ఇంటర్ పిల్లలకు తల్లికి వందనం అనే ప్రభుత్వ పథకం కూడా ఉంది. ఆ డబ్బు మామూలుగా తల్లి ఖాతాలో పడుతుంది. 75 శాతం హాజరు నిబంధన ఉందని పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

అసలు సర్టిఫికెట్లు కాలేజీకి ఇచ్చేముందు ప్రతిదీ స్కాన్ చేసి పెట్టుకోండి. ఏయే కాగితాలు తీసుకున్నారో రాసి, ముద్ర వేసిన రసీదు అడగండి. మొహమాటపడకండి. ఒక ప్రైవేటు కాలేజీలో మా బంధువుల అమ్మాయి టీసీ ఎవరి దగ్గరుందో తేలడానికి మూడు వారాలు పట్టింది, చేతిలో రసీదు లేక.

3. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు

రిసెప్షన్‌లో రంగుల బ్రోషర్ ఇచ్చి, ర్యాంకుల ఫొటోలు చూపిస్తారు. అవి చూడండి, కాదనను. ఆ తర్వాత ఇవి అడగండి:

☐ ఒక సెక్షన్‌లో ఎంతమంది?
☐ మా అమ్మాయి బాధ్యత ఏ లెక్చరర్‌ది? ఆయనతో ఏ రోజు, ఏ టైములో మాట్లాడొచ్చు?
☐ కౌన్సెలర్ ఉన్నారా? ఇప్పుడు చూడొచ్చా?
☐ టెస్టు మార్కులు ఎవరికి, ఎలా చెబుతారు?
☐ రోజు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిపోతుంది? ఆటల పీరియడ్ ఉందా?
☐ టాయిలెట్లు, తాగే నీళ్లు. వీటిని అడగకండి, వెళ్లి చూడండి.

రెండో ప్రశ్నకు "అందరం చూసుకుంటామండీ" అని జవాబొస్తే, ఎవరూ చూడరని అర్థం.

తర్వాత ప్రయాణం. కాలేజీ మొదలవడానికి వారం ముందు, ఆదివారం కాకుండా మామూలు పనిరోజున, అదే టైముకి పిల్లలతో కలిసి బస్సులో వెళ్లి రండి. గాజువాక నుంచి మద్దిలపాలెం వైపు పొద్దున్న ఎనిమిదిన్నరకు వెళ్లడం, మధ్యాహ్నం వెళ్లడం ఒకటి కాదు. ఎన్‌ఏడీ దగ్గర బస్సు మారాలా, కాంప్లెక్స్ దగ్గర మారాలా, మొదటి బస్సు తప్పితే రెండోది ఎప్పుడు, అన్నీ ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టించండి. రెండోరోజు పిల్లల్ని ఒంటరిగా పంపండి.

2025 ఆగస్టు 15 నుంచి అమ్మాయిలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ అక్కర్లేదు, గుర్తింపు కార్డు మాత్రం దగ్గరుండాలి. అబ్బాయిలకు స్టూడెంట్ పాస్ తీయించండి.

రానూపోనూ రోజుకి మూడు గంటలు పోతోందంటే, ర్యాంకుల కాలేజీ కన్నా ఇంటి దగ్గరి కాలేజీ మేలని నేను గట్టిగా చెబుతాను. పదహారేళ్ల వయసుకి ఎనిమిది గంటల నిద్ర తగ్గకూడదు. ఆ మూడు గంటలు కోసుకునేది నిద్రలోంచే.

4. ఫీజు

ట్యూషన్, పుస్తకాలు, యూనిఫాం, బస్సు, పరీక్ష ఫీజు, మెటీరియల్ అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కూడా అందులో ఉండాలి. ఒక్కటే జాగ్రత్త: ఫీజు అంకె పిల్లల ముందు పదేపదే అనకండి. "నీకోసం లక్ష పోశాం" అన్న మాట పిల్లలు మార్కుల కన్నా ఎక్కువ రోజులు మోస్తారు.

5. మొదటి పది రోజులు: ఇది కాలేజీల పని

ఇది లెక్చరర్లు, ప్రిన్సిపాళ్ల కోసం. తల్లిదండ్రులూ చదవండి, ఏం అడగాలో తెలుస్తుంది.

మొదటి రోజే న్యూటన్ నియమాలతో మొదలుపెట్టకండి. ఈ వరసలో వెళ్లండి.

ఒకటి, పేర్లు. ఇరవై, ఇరవై ఐదుమంది పిల్లల బాధ్యత ఒక లెక్చరర్‌కి అప్పగించండి, ఆయనే వాళ్ల మెంటర్. ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం, పిల్లకో పేజీ: పేరు, ఊరు, చదివిన బడి, మీడియం, ఇంట్లో ఎవరెవరు, రోజూ ఎలా వస్తుంది, ఏ సబ్జెక్టంటే భయం. పిల్లలతో ఫారం నింపించి బీరువాలో పడేస్తే లాభం లేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఐదు నిమిషాలు మాట్లాడి ఆయనే రాయాలి. రోజుకి ముగ్గురు చొప్పున అయినా పది రోజుల్లో అయిపోతుంది.

రెండు, వంతెన పాఠాలు. ఫస్టియర్ ఫిజిక్స్‌లో ఒక చిక్కుంది, చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. చలనం, సదిశలు చెప్పేటప్పుడు త్రికోణమితి, కాస్త డిఫరెన్షియేషన్ కావాలి. లెక్కల మాస్టారు అవి చెప్పేసరికి నెలలు గడుస్తాయి. పిల్లాడేమో తనకు ఫిజిక్స్ రాదనుకుంటాడు. కాబట్టి మొదటి పది రోజులూ రోజుకో గంట:

☐ సూత్రంలో ఒక అక్షరాన్ని ఇటు నుంచి అటు మార్చడం
☐ ఘాతాంకాలు, పది ఘాతం గుర్తులో చిన్న, పెద్ద సంఖ్యలు రాయడం
☐ సైన్, కాస్, టాన్. బొమ్మ గీసి మరీ
☐ గ్రాఫు వాలు చదవడం
☐ సంయోజకత, రసాయన సమీకరణాలు తుల్యం చెయ్యడం
☐ సీఈసీ, ఎంఈసీ పిల్లలకు డెబిట్, క్రెడిట్. ఆ సబ్జెక్టు వాళ్లకు పూర్తిగా కొత్త కదా

మూడు, సెక్షన్లు. మార్కుల ప్రకారం పిల్లల్ని విడగొట్టకండి. ఇది నా సలహా మాత్రమే కాదు. విశాఖ హాస్టల్లో ఒక విద్యార్థిని మరణంపై నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడగొట్టడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం తగదని వాటిలో ఉంది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. సిబ్బందికి ఏడాదిలో రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. మన ఊళ్లో జరిగిన కేసు నుంచి వచ్చిన నియమాలు మన ఊరి కాలేజీల్లోనే గోడ మీద కాగితంగా మిగిలిపోతే బాధగా ఉంటుంది.

నాలుగు, తల్లిదండ్రుల మీటింగ్. మొదటి నెలలోనే పెట్టండి, ఆదివారం పెట్టండి. డాక్‌యార్డులో షిఫ్టు చేసే తండ్రి, ఇళ్లలో పనిచేసే తల్లి బుధవారం పదకొండింటికి రాలేరు. రాకపోతే "పేరెంట్స్‌కి శ్రద్ధ లేదు" అనేస్తాం.

6. తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చినవాళ్లు

నాకు ఎక్కువ ప్రశ్నలొచ్చేది దీని మీదే.

ఆనందపురం వైపు ప్రభుత్వ బడి నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా క్లాసులో మూడో బెంచీలో కూర్చునేది. ఫ్రిక్షన్ అంటే ఏమిటని అడిగితే తల దించేసింది. "ఘర్షణమ్మా" అన్నాను. "ఓస్, అదా సార్!" అని లేచి, బోరు దగ్గర నాచు పట్టిన గట్టు మీద కాలెందుకు జారుతుందో, చెప్పులడుగున గీతలు ఎందుకుంటాయో క్లాసంతటికీ చెప్పింది. ఆ పిల్లకు ఫిజిక్స్ వచ్చు, దాని పేరే రాదు. ఈ రెంటి తేడా తెలియక ఎంతమందిని వెనక బెంచీకి పంపామో.

ఇంట్లో చెయ్యాల్సింది:

☐ పదో తరగతి పుస్తకాలు పాతపేపర్లవాడికి వేసెయ్యకండి. మన ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉన్నాయి. ఇంతకన్నా మంచి నిఘంటువు బజార్లో దొరకదు.
☐ రెండొందల పేజీల నోటుపుస్తకంలో మూడు గళ్లు గీయించండి. మొదటి గడిలో ఇంగ్లిష్ మాట, రెండో గడిలో అది పలికే తీరు తెలుగు అక్షరాల్లో, మూడో గడిలో తెలుగు మాట. యాక్సిలరేషన్ అంటే త్వరణం, మాస్ అంటే ద్రవ్యరాశి, ఇలా.
☐ రోజుకి పది మాటలే. మరునాటి పాఠంలోవి ముందురోజు రాత్రి రాయాలి. క్లాసులో ఆ మాట వినపడగానే గుర్తుపట్టడం వేరే ధైర్యం.
☐ రోజూ పుస్తకంలోని ఐదు వాక్యాలు చూసి రాసి, తర్వాత చూడకుండా రాయడం. పరీక్షలో చెయ్యి ఆడాలంటే ఇదే మందు.

మాటలు ఆరువందలు దాటేసరికి, అంటే రెండు నెలలకి, పాఠం వినపడటం మొదలవుతుంది. ఆ తర్వాత ఈ పుస్తకం అవసరం దానంతటదే తగ్గుతుంది.

ఎక్కువగా జరిగే తప్పు: కంగారుపడి స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేర్చడం. హోటల్లో టిఫిన్ ఆర్డర్ చెయ్యడం నేర్పే కోర్సుతో కెమిస్ట్రీ రాదు. ఉన్న కాస్త టైమూ పోతుంది. ముందు సబ్జెక్టు మాటలు, మాట్లాడటం తర్వాత.

లెక్చరర్లకు: మొదటి రెండు నెలలు కొత్త మాట బోర్డు మీద రాసిన ప్రతిసారీ పక్కన తెలుగు మాట కూడా రాయండి. పాఠానికి రెండు నిమిషాలు పడుతుంది. జవాబు తెలుగులో చెప్పినా ఒప్పుకుని, దాన్నే ఇంగ్లిష్‌లో మీరు తిరిగి చెప్పండి. తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసే కాలేజీలు ఇంకా ఉన్నాయి. ఆ ఫైన్ డబ్బుతో ఏం కొంటారో నాకు తెలియదు.

7. మొదటి టెస్టులో మార్కులు పడిపోయినప్పుడు

పడిపోతాయి. ముందే చెబుతున్నాను, మీ ఇంట్లోనూ పడిపోతాయి. ఒక్కో బడిలో మొదటి వరసలో ఉన్న పిల్లలందరినీ తెచ్చి ఒకే గదిలో కూర్చోబెడితే, వాళ్లలోనే ఒకడు నలభయ్యోవాడు అవుతాడు. పిల్లాడు నిన్నటివాడే, చుట్టూ ఉన్నవాళ్లు మారారు.

మా పెద్దవాడు మొదటి వారం పరీక్షలో ముప్పైకి పదకొండు తెచ్చుకున్నాడు. "టెన్త్‌లో లెక్కల్లో 98 తెచ్చుకున్నోడివి" అన్నాను. అంతే, గట్టిగా కూడా అనలేదు. తర్వాత రెండు నెలలు వాడు ఒక్క స్లిప్పూ చూపించలేదు. దీపావళికి ఇల్లు సర్దుతుంటే బియ్యం డబ్బా వెనక మా ఆవిడకి తొమ్మిది స్లిప్పులు దొరికాయి, రబ్బరుబ్యాండు వేసి. పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మాస్టారి ఇంట్లో.

ఆ రాత్రి నేను నేర్చుకున్న పద్ధతి ఇది:

మొదట, ఆ రోజు ఏమీ మాట్లాడకండి. "సరే, అక్కడ పెట్టు, అన్నం తిందాం" అనండి.

మరునాడు ఇద్దరూ కూర్చుని జవాబుపత్రం తెరవండి. మార్కుల స్లిప్పు కాదు, జవాబుపత్రమే కావాలి. కాలేజీ ఇవ్వకపోతే అడిగి తెచ్చుకోండి. పోయిన ప్రతి మార్కు పక్కన పిల్లాడే ఒక అక్షరం రాయాలి. పాఠమే అర్థం కాలేదంటే "అ". తెలుసు కానీ పూర్తిచెయ్యలేకపోయాడంటే "పూ". తొందరపాటంటే "తొ".

మా వాడి మొదటి పేపరులో పోయిన పంతొమ్మిదిలో "అ" ఆరు, "పూ" తొమ్మిది, "తొ" నాలుగు. తొమ్మిది మార్కులూ ఒకేచోట పోయాయి. సూత్రం సరిగ్గా రాశాడు, అందులో కాస్ విలువ పెట్టి అవతలివైపు మార్చడం దగ్గర ఆగిపోయాడు. అది పదో తరగతి లెక్కే. రోజూ అరగంట చొప్పున పది రోజులు అదే చేయించాను. ఎక్కడా ట్యూషన్ పెట్టలేదు.

తర్వాత ఏం చెయ్యాలంటే:

☐ "అ" ఎక్కువైతే: ఆ పాఠం పేరు రాసిన చీటీతో పిల్లాణ్ణే మెంటర్ లెక్చరర్ దగ్గరికి పంపండి. మీరు వెళ్లొద్దు, ముందు వాడు అడగడం నేర్చుకోవాలి.
☐ "పూ" ఎక్కువైతే: అవే లెక్కలు మళ్లీ, పుస్తకం మూసి, గడియారం లేకుండా.
☐ "తొ" ఎక్కువైతే: ముందు నిద్ర ఎంతసేపో చూడండి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

మూడు టెస్టుల దాకా ఇలా చేసి, అప్పటికీ కదలిక లేకపోతే లెక్చరర్‌ని మీరు కలవండి. మూడు జవాబుపత్రాలూ చేతిలో పట్టుకుని వెళ్తే మాట ఐదు నిమిషాల్లో తేలుతుంది. ఉత్త చేతులతో వెళ్తే "బాగా చదవమనండి" అని పంపేస్తారు. మేం లెక్చరర్లం అలాగే చేస్తాం, దాపరికం ఎందుకు.

కాలేజీలకు: ర్యాంకుల జాబితా గేటు దగ్గర అంటించడం ఆపండి. మార్కులు తగ్గినవాళ్ల ఇంటికి వెళ్లే మెసేజ్‌లో అంకె ఒక్కటే కాకుండా, ఎప్పుడొచ్చి ఎవరిని కలవాలో కూడా ఉండాలి.

8. హాస్టల్లో దింపేవాళ్లకు

పాడేరు, అరకు, నర్సీపట్నం, చోడవరం వైపు నుంచి వచ్చి విశాఖలో ఉండి చదివే పిల్లలు ఎక్కువే.

నెల ముందు ఇంట్లో: బట్టలు ఉతుక్కోవడం, అలారం పెట్టుకుని లేవడం, దుప్పటి మడవడం, డబ్బు లెక్క రాసుకోవడం. హాస్టల్లో మొదటి వారం ఏడ్చేది చాలావరకు బకెట్ దగ్గరే.

దింపే రోజు: పొద్దున్నే వెళ్లండి. పక్క పరిచి, పెట్టెకి తాళం వేయించి, వార్డెన్‌తో మాట్లాడి, పక్క మంచం పిల్లాడి తల్లిదండ్రుల నంబరు తీసుకోండి. ఈ చివరిది ముఖ్యం. మీ అబ్బాయి ఫోనులో చెప్పనిది వాళ్ల అబ్బాయి వాళ్లమ్మకి చెబుతాడు. మధ్యాహ్నం భోజనానికి ముందే బయల్దేరండి. పిల్లాడు మొదటి పూట కొత్తవాళ్ల పక్కన కూర్చుని తినాలి.

ఫోను: వారానికి రెండు రోజులు, టైము చెప్పి. ఫోనులో మొదటి ప్రశ్న మార్కుల గురించి ఉండకూడదు. "బాగున్నావా?" అంటే "ఆఁ" అంటారు, అక్కడితో అయిపోతుంది. "ఈరోజు సాంబార్లో ఏం ముక్కలేశారు? నీ పక్కన ఎవరు కూర్చున్నారు?" అని అడగండి. పక్కన ఎవరూ కూర్చోవడం లేదన్నది అలా అడిగితేనే బయటపడుతుంది.

"ఇంటికొచ్చేస్తానమ్మా" అని మొదటి పది రోజుల్లో ఏడిస్తే మామూలే, వినండి, వారాంతంలో వస్తామని చెప్పి మాట తప్పకుండా వెళ్లండి. నెల దాటాకా అదే మాటంటే బెంగ అని కొట్టిపారెయ్యకండి. వెళ్లి, బయటికి తీసుకెళ్లి, అలా బీచ్ రోడ్డు మీద కూర్చోబెట్టి, మొత్తం వినండి.

వార్డెన్లకు: స్టడీ అవర్‌లో హాజరు తీసుకుంటారు కదా, మెస్‌లో కూడా తీసుకోండి. రెండు పూటలు వరసగా తినని పిల్లల పేరు ఆ రాత్రికే మెంటర్‌కి చేరాలి.

9. ఆగకుండా వెంటనే చెయ్యాల్సిన సందర్భాలు

నిద్ర బాగా తగ్గడం లేదా రోజంతా పడుకోవడం, స్నానం మానెయ్యడం, ఇష్టమైన వస్తువులు ఎవరికో ఇచ్చెయ్యడం, "నేనుండి ఏం లాభం" లాంటి మాటలు, ఒంటి మీద కోతల గుర్తులు. ఇందులో ఏది కనపడినా టెస్టు అయ్యేదాకా చూద్దాం అనుకోవద్దు.

1) పక్కనే ఉండండి. ఒంటరిగా వదలకండి.
2) చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ.
3) టెలీమానస్ 14416కి ఫోను చెయ్యండి. రోజంతా పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలూ చెయ్యొచ్చు, మీరూ చెయ్యొచ్చు.
4) కాలేజీ కౌన్సెలర్‌కి చెప్పండి. డాక్టరు కావాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ ఆసుపత్రి పేరుతో ఈ ఊళ్లో వేళాకోళాలాడతారు. వాటిని పట్టించుకోకండి.

ర్యాగింగ్ అయితే రాష్ట్రంలో 1997 నుంచే దాని మీద చట్టం ఉంది. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి.

10. కోర్సు మారతానంటే

కోపం దిగాక, రెండు వారాలు డైరీ రాయించండి. ఏ రోజు ఏ క్లాసు నచ్చలేదో, ఎందుకో. కారణాలన్నీ ఒక లెక్చరర్ చుట్టూనో, ఒక స్నేహితుడి చుట్టూనో తిరిగితే మారాల్సింది సెక్షన్. సబ్జెక్టు చుట్టూనే తిరిగితే కోర్సు.

మారేదుంటే మొదటి నెలన్నరలో మారండి. ప్రిన్సిపాల్‌ని కలిసి గ్రూపు మార్పుకి గడువు ఎప్పటిదాకా ఉందో ముందు కనుక్కోండి, ఆ తర్వాతే పాత గ్రూపు పుస్తకాలు పక్కన పెట్టించండి. ఎంపీసీ వదిలి సీఈసీలోకి వెళ్లిన మా రెండోదాన్ని చుట్టాలు పెళ్లిళ్లలో ఇప్పటికీ అడుగుతారు, "ఏమ్మా, లెక్కలు కష్టమయ్యాయా?" అని. "లేదు పిన్నీ, అకౌంట్స్ ఇష్టమైంది" అంటుంది. ఆ జవాబు ముందే ఇంట్లో ప్రాక్టీసు చేయించాం.

11. దసరాకి ఇంటికొచ్చినప్పుడు

మొదటి రెండు రోజులు నిద్రపోనివ్వండి. మూడో రోజు మధ్యాహ్నం, ఫోన్లు పక్కనపెట్టి అడగండి: "మీ కాలేజీలో నీ పేరు తెలిసిన సార్ గానీ మేడమ్ గానీ ఎవరు?"

పేరు చెబితే మంచిది. సెలవులు అయ్యాక మీరే ఆ లెక్చరర్‌కి ఒకసారి ఫోను చేసి, ఫలానా వాళ్ల నాన్నని అని పరిచయం చేసుకోండి. రెండు నిమిషాలు, ఫిర్యాదు ఏదీ లేకుండా. ఫిర్యాదు లేకుండా ఫోను చేసే తల్లిదండ్రుల్ని లెక్చరర్లు మర్చిపోరు.

ఎవరూ లేరంటే, కాలేజీ తెరిచిన రోజు మీరూ వెళ్లండి. మూడో విభాగంలోని రెండో ప్రశ్నను ప్రిన్సిపాల్‌ని మళ్లీ అడగండి. పేరు చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి. హాస్టల్ పిల్లలైతే తిరిగి పంపేటప్పుడు జంతికలు ఒక డబ్బా ఎక్కువ కట్టండి, పక్క మంచం వాడికి.